యూరప్‌లో కారు ప్రయాణం: కాలుష్య స్టిక్కర్ల జోన్లను చలానా పడకుండా దాటడం ఎలా?

యూరప్‌లో చాలా నగరాలు ఎక్కువ పొగ వదిలే కార్లు రాకుండా కొన్ని ప్రాంతాలను జోన్లుగా పెట్టాయి, కారు ఏ తరగతిదో చూపేదే ఈ స్టిక్కర్. ఫ్రాన్స్ కాలుష్య స్టిక్కర్ పెట్రోల్ బంకులో దొరకదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి దరఖాస్తు పెడితే పోస్టులో ఇంటికి వస్తుంది, అందుకు వారాలు పట్టవచ్చు. జర్మనీ స్టిక్కర్ అలా కాదు, ఆర్‌సీ పట్టుకుని వాహన తనిఖీ కేంద్రానికి వెళితే అప్పటికప్పుడు చేతిలో పెడతారు. బెల్జియంలో అసలు స్టిక్కరే లేదు. అక్కడ కెమెరాలు నంబరు ప్లేటు చదువుతాయి కాబట్టి విదేశీ కారు నంబరు ముందుగా నమోదు కావాలి. మూడూ ఇరుగుపొరుగు దేశాలే, సరిహద్దులో ఆపి అడిగేవారూ అరుదే. అయినా ఒకరి పద్ధతి ఇంకొకరికి చెల్లదు.

ఈ మార్గదర్శి ముఖ్యంగా ఇద్దరి కోసం: యూరప్‌లో ఉద్యోగం చేసుకుంటూ సొంత కారులో సెలవులకు తిరిగే తెలుగువారు, మన ఊళ్ల నుంచి వెళ్లి అక్కడ అద్దె కారు తీసుకునేవారు. ఉదాహరణకు ఒకే దారి తీసుకుంటాను: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్ట్రాస్‌బూర్, అక్కడి నుంచి పారిస్, తర్వాత బ్రస్సెల్స్, తిరుగు ప్రయాణంలో కొలోన్. స్టిక్కర్, నమోదు పద్ధతులు రెండూ ఈ ఒక్క చుట్టులోనే ఎదురవుతాయి.

చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఏయే ఊళ్లలో స్టిక్కర్ కావాలి?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఊళ్ల జాబితా ఏటా మారుతుంది, మీ కారు కాగితం మారదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి అడుగు: ఆర్‌సీ తీసి మూడు గళ్లు చూడండి

యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం ఏ భాషలో ఉన్నా గళ్ల గుర్తులు ఒకటే. జర్మన్ రాకపోయినా, ఫ్రెంచ్ రాకపోయినా ఈ ఇంగ్లిషు అక్షరాలు వెతికితే చాలు. 'బి' అన్న గడిలో కారు మొదటిసారి రిజిస్టరైన తేదీ ఉంటుంది. 'పి.3' గడిలో ఇంధనం: పెట్రోలా, డీజిలా, కరెంటా. 'వి.9' గడిలో ఆ కారు ఏ యూరో ప్రమాణానికి (మన బీఎస్ లాగే, కారు వదిలే కాలుష్యానికి పెట్టిన హద్దు) చెందినదో ఉంటుంది. మొదటి రెండూ దాదాపు ప్రతి పత్రంలోనూ కనిపిస్తాయి. వి.9 కొన్ని పాత పత్రాల్లో ఖాళీగా ఉంటుంది, అప్పుడు తేదీని బట్టే లెక్క కడతారు.

ఆ లెక్క స్థూలంగా ఇది. కొత్త కార్లన్నిటికీ యూరో 1 తప్పనిసరి అయింది 1993లో. యూరో 2 వచ్చింది 1997లో, యూరో 3 2001లో, యూరో 4 2006లో, యూరో 5 2011లో, యూరో 6 2015 సెప్టెంబరులో. కొన్ని కంపెనీలు గడువుకు ముందే కొత్త ప్రమాణంతో కార్లు తెచ్చాయి కాబట్టి, మీ కారు తేదీ ఈ గీతలకు కాస్త ఇటువైపు ఉంటే వి.9 గడి మీకు మేలు చేయవచ్చు. తేదీ ఒక్కటే చూసి నిరాశ పడకండి.

మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కు అలవాటు పడినవారు ఇక్కడ ఒక తేడా గమనించాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొగ గొట్టంలో గొట్టం పెట్టి ఈ రోజు బండి ఎంత పొగ వదులుతోందో కొలుస్తారు. యూరప్ స్టిక్కర్‌కు ఆ కొలతతో పని లేదు. కారు ఏ ప్రమాణం కింద తయారైందో అదే చూస్తారు. నిన్ననే సర్వీసింగ్ చేయించి పొగ చుక్క రాకుండా నడుస్తున్నా 2004 నాటి డీజిల్ కారు 2004 నాటి డీజిల్ కారే. మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది 2019 నుంచి కొత్త బండ్ల అద్దాల మీద కనిపిస్తున్న రంగు హోలోగ్రామ్ స్టిక్కర్: పెట్రోలుకు లేత నీలం, డీజిల్‌కు నారింజ, బీఎస్-6 అయితే పైన ఆకుపచ్చ పట్టీ. అక్కడి స్టిక్కర్ల ఆలోచన కూడా అదే. అధికారి దూరం నుంచి చూసి బండి జాతకం చెప్పగలగాలి.

ఆర్‌సీని రెండు వైపులా స్పష్టంగా స్కాన్ చేసి ఫోనులో పెట్టుకోండి. ఇకపై ప్రతి దరఖాస్తులోనూ అదే అడుగుతారు. నీడ పడిన ఫొటో పంపితే దరఖాస్తు వెనక్కి వస్తుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రెండో అడుగు: మీరు వెళ్లే దేశం ఏ పద్ధతి పాటిస్తుందో తేల్చుకోండి

పద్ధతులు నాలుగు రకాలు. అద్దం మీద స్టిక్కర్ చూసేవి: జర్మనీ, ఫ్రాన్స్, తమ సొంత కార్ల వరకు స్పెయిన్. నంబరు నమోదు చేయించుకుని కెమెరాతో చూసేవి: బెల్జియం వంటివి. రోజుకింత అని డబ్బు కట్టించుకునేవి: లండన్, మిలాన్ నడిబొడ్డు. అనుమతి లేని కారు లోపలికి రాకూడదనేవి: ఇటలీ పాత నగరాలు.

వీటితో కలగాపులగం చేసుకోకూడనిది ఇంకొకటి ఉంది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా వెళితే హైవే కోసం వినియెట్ కొనాలి. అదీ అద్దానికి అంటించే స్టిక్కరే, కానీ అది టోల్. కాలుష్యంతో దానికి సంబంధం లేదు. స్విస్ వినియెట్ 40 ఫ్రాంకులు, ఏడాదిది ఒక్కటే రకం, 2023 నుంచి ఎలక్ట్రానిక్ రూపంలోనూ ఇస్తున్నారు. ఆస్ట్రియాలో తక్కువ రోజులకూ దొరుకుతుంది. ఆస్ట్రియాలో కాలుష్య స్టిక్కర్ కూడా ఉంది గానీ అది సరకు రవాణా వాహనాలకు, మామూలు కార్లకు అక్కర్లేదు. "వియన్నా వెళ్లొచ్చాను, స్టిక్కర్ కొన్నాను" అని ఎవరైనా చెబితే వాళ్లు కొన్నది దాదాపుగా టోల్ స్టిక్కరే.

మూడో అడుగు: జర్మనీ స్టిక్కర్

జర్మనీలో ఈ జోన్లు 2008 జనవరి 1న బెర్లిన్, కొలోన్, హనోవర్‌లతో మొదలయ్యాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు రంగుల స్టిక్కర్లు పెట్టారు. ఇప్పుడు నగరాలు దాదాపుగా ఆకుపచ్చనే అడుగుతాయి, కాబట్టి మిగతా రెండింటినీ మరచిపోవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న పెట్రోల్ కారుకు ఆకుపచ్చ వస్తుంది, అంటే 1993 తర్వాతి కార్లకు ఇబ్బంది లేదు. డీజిల్ అయితే యూరో 4 ఉండాలి, లేదా యూరో 3కి పొగలోని నుసిని పట్టే ఫిల్టర్ బిగించి ఉండాలి.

తీసుకోవడం తేలిక. ఆర్‌సీ పట్టుకుని ట్యూఫ్ గానీ డెక్రా గానీ తనిఖీ కేంద్రానికి, లేదా వాహన రిజిస్ట్రేషన్ ఆఫీసుకు, లేదా అనుమతి ఉన్న గ్యారేజీకి వెళ్లండి. కౌంటర్లో ఉన్నవారు ఉద్గారాల కోడ్ చూసి, స్టిక్కర్ మీద తెల్లటి గడిలో మీ కారు నంబరును చెరగని ఇంకు పెన్నుతో రాసిస్తారు. ధర చోటును బట్టి 5 యూరోల నుంచి 20 యూరోల దాకా ఉంటుంది. విదేశీ నంబరు కారుకూ ఇస్తారు, అదీ ఇదే కౌంటర్లో. దేశమంతటా ఒకే స్టిక్కర్ చెల్లుతుంది, గడువు తేదీ లేదు.

గడువు లేదు గానీ ఆయుష్షు ఉంది. ఆ తెల్ల గడిలో చేత్తో రాసిన నంబరు ఎండకు ఏళ్ల తరబడి వెలిసిపోతుంది. ముందు వంకాయ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత దగ్గరికి వంగి చూస్తే తప్ప కనబడదు. నంబరు చదవడానికి వీలుకాని స్టిక్కర్ లేనట్టే లెక్క. ఊరు మారి నంబరు ప్లేటు మార్చినా పాత స్టిక్కర్ పనికిరాదు. 2015 నుంచి జర్మనీలో ఊరు మారినా పాత నంబరు ఉంచుకోవచ్చు కాబట్టి, అలా ఉంచుకున్నవారికి ఈ బెడద లేదు. ముందు అద్దం పగిలి కొత్తది వేయించినప్పుడు స్టిక్కర్ కూడా పాత అద్దంతోనే పోతుంది. గ్యారేజీలో ఆ రోజే అడిగి తీసుకోండి.

జరిమానా 100 యూరోలు. ఇక్కడ చాలామందికి మింగుడుపడని సంగతి ఏమిటంటే, కారుకు ఆకుపచ్చ వచ్చే అర్హత ఉన్నా స్టిక్కర్ అంటించకపోతే జరిమానా పడుతుంది. జోన్‌లో ఊరికే పార్క్ చేసి ఉంచినా పడవచ్చు. ఎలక్ట్రిక్ కారు యజమానులు "మాకెందుకు?" అనుకుంటారు. వాళ్లకూ ఆకుపచ్చ స్టిక్కర్ కావాలి. ద్విచక్ర వాహనాలకు మాత్రం అక్కర్లేదు.

గాలి నాణ్యత మెరుగుపడిందని కొన్ని ఊళ్లు జోన్లు ఎత్తేస్తున్నాయి: 2023లో హైడెల్‌బెర్గ్, కార్ల్‌స్రూహే, 2024లో హనోవర్. హాంబుర్గ్‌లో అసలు ఈ జోన్ ఎప్పుడూ లేదు. కొలోన్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి పెద్ద ఊళ్లు ఉండగా స్టిక్కర్ ఖర్చు మిగుల్చుకుందామనుకోవడం పొదుపు కాదు. మరోవైపు, పాత డీజిల్ కారు ఉన్నవారికి ఆకుపచ్చ ఒక్కటే సరిపోకపోవచ్చు. స్టట్‌గార్ట్ 2019లోనూ మ్యూనిక్ 2023లోనూ యూరో 4 డీజిల్ కార్లను ఆకుపచ్చ స్టిక్కర్ ఉన్నా సరే నిషేధించాయి. ఇలాంటి ఆంక్షలు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి డీజిల్ అయితే ఆ నగర పాలక సంస్థ వెబ్‌సైటులో ఒకసారి చూసి కదలండి.

నాలుగో అడుగు: ఫ్రాన్స్ స్టిక్కర్ క్రిటేర్

ఎక్కువ ముందుచూపు కావలసింది ఇక్కడే. క్రిటేర్ 2016లో వచ్చింది, 2017 జనవరి నుంచి పారిస్‌లో తప్పనిసరి చేశారు. ఇందులో ఆరు తరగతులు. ఎలక్ట్రిక్, హైడ్రోజన్ కార్లకు 0, ఆకుపచ్చ. 2011 తర్వాతి పెట్రోల్ కార్లకూ ప్లగ్ పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్లకూ 1, ఊదా. 2006 నుంచి 2010 వరకు వచ్చిన పెట్రోల్ కార్లకూ, 2011 తర్వాతి డీజిల్ కార్లకూ 2, పసుపు. 1997 నుంచి 2005 దాకా పెట్రోల్, 2006 నుంచి 2010 దాకా డీజిల్ అయితే 3, నారింజ. 2001 నుంచి 2005 నాటి డీజిల్‌కు 4, 1997 నుంచి 2000 నాటి డీజిల్‌కు 5. అంతకన్నా పాత కారుకు స్టిక్కరే ఇవ్వరు.

గమనించారా, డీజిల్ కారు షోరూమ్ నుంచి నిన్న వచ్చినా 1 రాదు, 2తో సరిపెట్టుకోవాలి. జర్మనీలో ఆకుపచ్చ ఉంది కదా అని ఫ్రాన్స్‌లో ధీమాగా ఉండకూడదనడానికి ఇదొక కారణం. రెండు దేశాల రంగులకూ పొంతన లేదు.

దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైటులోనే పెట్టండి. చిరునామా చివర 'గూవ్ డాట్ ఎఫ్ఆర్' ఉంటేనే అది ప్రభుత్వానిది. అక్కడ ధర పోస్టు ఖర్చుతో కలిపి 5 యూరోల లోపే. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే ప్రైవేటు సైట్లు అదే స్టిక్కర్‌కు దానికి కొన్ని రెట్లు వసూలు చేస్తాయి. రంగులు, జెండాలు, "అధికారిక" అన్న మాట చూసి మోసపోవద్దు. చిరునామా పట్టీ ఒక్కటే నమ్మదగినది.

ఫారంలో నంబరు రాసేటప్పుడు ఆర్‌సీలో ఎలా ఉందో అలాగే రాయాలి. ప్లేటు చూసి కాకుండా ఆర్‌సీ చూసి రాయండి. తర్వాత దేశం, ఇంధనం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్‌సీ స్కాన్. తేదీ గడిలో మీరు కారు కొన్న తేదీ కాదు, కారు మొదటిసారి రోడ్డెక్కిన తేదీ రాయాలి. సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవారు ఇక్కడే తడబడతారు.

చిరునామా గురించి ఒక మాట. జర్మనీలో తపాలా పెట్టె మీద మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. నలుగురు కలిసి ఉంటున్న ఫ్లాట్‌లో పెట్టె మీద ఒక్కరి ఇంటిపేరే ఉండడం మనవాళ్ల ఇళ్లలో మామూలే. స్టిక్కర్ కోసం ఎదురుచూసే వారాల్లోనైనా మీ పేరు ఒక కాగితం ముక్క మీద రాసి అతికించండి. దరఖాస్తును ప్రయాణానికి కనీసం నాలుగైదు వారాల ముందు పెట్టండి. దరఖాస్తు ఆమోదించాక ఈమెయిల్లో వచ్చే పత్రాన్ని ప్రింటు తీసి కారులో ఉంచుకోండి. స్టిక్కర్ ఆలస్యమైతే చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది.

ఇక వాడకం. పారిస్, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన పెద్ద జోన్ ఎ86 అనే బయటి వలయ రహదారికి లోపల ఉంది, ఆ రహదారి మాత్రం జోన్‌లోకి రాదు. ఆంక్షలు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. శని, ఆదివారాల్లో కార్లకు ఉండవు. 2025 జనవరి నుంచి అక్కడ క్రిటేర్ 3ను కూడా ఆంక్షల్లో చేర్చారు. పారిస్ వేళలు చూసి మిగతా ఊళ్లలోనూ అలాగే ఉంటుందనుకోకండి. లియోన్‌లో వారాంతం, రాత్రి అన్న మినహాయింపు లేదు. కార్లకు జరిమానా 68 యూరోలు.

ఇంతలో ఫ్రాన్స్ రాజకీయం కూడా కదిలింది. 2021 నాటి చట్టం లక్షా యాభై వేల జనాభా దాటిన నగర ప్రాంతాలన్నీ 2025 నాటికి జోన్ పెట్టాలంది. కొత్త కార్లు కొనలేని పేదలకు ఇది శిక్ష అన్న విమర్శ బలపడి, 2025లో నేషనల్ అసెంబ్లీ (పార్లమెంటు దిగువ సభ) జోన్ల రద్దుకు ఓటు వేసింది. అక్కడితో వ్యవహారం ముగిసిపోదు, ఆ తర్వాత చట్టం దాటాల్సిన మెట్లు వేరే ఉంటాయి. బయలుదేరే వారంలో ఆ నగరం వెబ్‌సైటులో ఏముందో అదే ప్రమాణం. వార్త చూసి స్టిక్కర్ మానేయమని నేనైతే చెప్పను. గాలి బాగా చెడిన రోజుల్లో ఏ కార్లు తిరగాలో తాత్కాలికంగా నిర్ణయించడానికి కూడా ఈ స్టిక్కర్‌నే వాడతారు. పైగా కారు ఉన్నంత కాలం ఇది చెల్లుతుంది, పెట్టేది 5 యూరోలే. ఇంకో లాభం, జెనీవాలో కాలుష్యం పెరిగిన రోజుల్లో అడిగే స్థానిక స్టిక్కర్‌కు బదులుగా క్రిటేర్‌నూ ఒప్పుకుంటారు.

ఐదో అడుగు: బ్రస్సెల్స్‌కు ముందు నమోదు

బ్రస్సెల్స్ 2018లో, ఆంట్వెర్ప్ 2017లో, గెంట్ 2020లో జోన్లు పెట్టాయి. అంటించాల్సింది ఏమీ లేదు. బెల్జియం కార్ల వివరాలు వాళ్ల కంప్యూటర్లో ఉంటాయి. జర్మనీ లేదా ఫ్రాన్స్ నంబరు కారు వివరాలు వాళ్లకు తెలియవు కాబట్టి మీరే చెప్పుకోవాలి. బ్రస్సెల్స్ జోన్ వెబ్‌సైటులో ఆర్‌సీ స్కాన్ పెట్టి నమోదు చేయించుకోవడం ఉచితం. కారు పూర్తిగా అర్హమైనదే అయినా నమోదు లేకపోతే జరిమానా వస్తుంది. ఇక్కడ జరిమానాలు జర్మనీ, ఫ్రాన్స్‌ల కంటే గట్టివి.

జోన్ బ్రస్సెల్స్ ప్రాంతంలోని 19 పురపాలికలంతటా ఉంది. ఊరి చుట్టూ తిరిగే ఆర్0 వలయం దాని బయటే. ఊళ్లోకి పోకుండా దాటిపోయేవారికి ఇబ్బంది లేదు. కారుకు అర్హత లేకపోతే ఒక రోజు పాసు కొనుక్కునే వీలుంది. ఒక్క పూట గ్రాండ్ ప్లాస్ (నగరం నడిబొడ్డున ఉన్న పాత చౌరస్తా) చూడడానికి డబ్బు పెట్టడం కన్నా, బయట పార్కింగ్‌లో కారు పెట్టి మెట్రో ఎక్కడం మేలు.

మిగతా చోట్ల క్లుప్తంగా

లండన్‌లో స్టిక్కర్ లేదు. అల్ట్రా లో ఎమిషన్ జోన్ 2019 ఏప్రిల్‌లో నడిబొడ్డున మొదలై 2023 ఆగస్టు 29 నుంచి నగరంలోని అన్ని బరోలకూ (పాలనా విభాగాలకూ) పాకింది. పెట్రోల్ యూరో 4, డీజిల్ యూరో 6 లేని కారు రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా, రాత్రీ పగలూ. ప్రయాణం తర్వాత మూడో రోజు అర్ధరాత్రి లోపు కట్టవచ్చు. విదేశీ నంబరు కారు ముందుగా నమోదు కావాలి. బ్రిటన్‌లో ఉండి కారును రైలెక్కించి ఫ్రాన్స్‌లోని కాలే పట్నం చేరే తెలుగువారికి పైన చెప్పిన ఫ్రాన్స్ నియమాలన్నీ వర్తిస్తాయి. స్కాట్లాండ్ జోన్లలో డబ్బు కట్టి వెళ్లే ఏర్పాటు లేదు, అర్హత లేకుండా వెళితే నేరుగా జరిమానాయే.

స్పెయిన్‌లో దేశీయ కార్లకు 0, ఎకో, సి, బి అనే స్టిక్కర్లున్నాయి. అక్కడే అద్దెకు తీసుకున్న కారుకు మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. విదేశీ నంబరు కారుతో బార్సిలోనా వెళితే ముందు నమోదు చేయించాలి. ఆ జోన్ పనిదినాల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా.

ఇటలీ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు ఎక్కువ చలానాలు అక్కడి నుంచే వస్తాయని నా అనుభవం. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, బొలోన్యా వంటి ఊళ్లలో పాత పట్నం మొత్తం జెడ్‌టీఎల్. ఇది స్టిక్కర్ జోన్ కాదు, స్థానికుల కార్లకే అనుమతి ఉన్న ప్రాంతం. వీధి మొదట్లో ఒక కెమెరా, ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. బోర్డు మీద "వార్కో అత్తివో" అని వెలుగుతుంటే జోన్ అమల్లో ఉంది, లోపలికి పోకూడదు. "వార్కో నాన్ అత్తివో" అంటే ఆ వేళకు ఆంక్ష లేదు. రెండింటికీ తేడా మధ్యలో ఒక్క చిన్న మాట, అదీ వెనక నుంచి స్కూటర్లు హారన్ కొడుతుండగా చదవాలి. జీపీఎస్ మిమ్మల్ని నిక్షేపంగా లోపలికే నడిపిస్తుంది. మీ హోటల్ పాత పట్నంలో ఉంటే గది బుక్ చేసిన రోజే వాళ్లకు కారు నంబరు పంపి, పోలీసులకు తెలియజేయమని అడగండి, చేశామన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మిలాన్‌లో ఏరియా సి వేరు. పనిదినాల్లో నడిబొడ్డుకు వెళ్లడానికి 2023 అక్టోబరు నుంచి 7.50 యూరోలు. కొన్ని పాత కార్లకు డబ్బు కట్టినా ప్రవేశం లేదు.

ఆరో అడుగు: అద్దె కారు తీసుకునేవారికి

జర్మనీలో అద్దె కారుకు ఆకుపచ్చ స్టిక్కర్ ఉండనే ఉంటుంది. తాళం చేతికి రాగానే గీతలు, సొట్టలు ఫొటోలు తీస్తారు కదా, అప్పుడే స్టిక్కర్ మీది నంబరూ ప్లేటు నంబరూ ఒకటేనా, చదవడానికి వీలుగా ఉందా అని చూసి దాని ఫొటో కూడా తీసుకోండి. తేడా ఉంటే అక్కడికక్కడే కారు మార్పించుకోవాలి. రోడ్డు మీద ఆపినప్పుడు "ఇది అద్దె కారు" అంటే వినరు.

అసలు చిక్కు ఫ్రాన్స్ వెళ్లాలనుకున్నప్పుడు. క్రిటేర్ నంబరుకు ముడిపడినది, అద్దెకు ఏ నంబరు కారు వస్తుందో మీకు ముందుగా తెలియదు, పోస్టులో వచ్చే వేళకు మీ సెలవులు అయిపోతాయి. అందుకని బుకింగ్ సమయంలోనే రెండు ప్రశ్నలు అడగండి: ఈ కారుతో ఫ్రాన్స్, బెల్జియం వెళ్లవచ్చా, క్రిటేర్ అంటించిన కారు ఇవ్వగలరా? రెండో దానికి జవాబు "చూద్దాం" అని వస్తే లేదనే అర్థం. అప్పుడు నేను ఎంచుకునే దారి, సరిహద్దు దాకా రైల్లో వెళ్లి స్ట్రాస్‌బూర్‌లో ఫ్రాన్స్ నంబరు కారు అద్దెకు తీసుకోవడం. అదీ కుదరకపోతే నగరాల బయట 'పీ+ఆర్' అని నీలం బోర్డున్న పార్కింగ్ చోట్లు మీకు దిక్కు. అక్కడ కారు వదిలి ట్రామ్ ఎక్కడమే. ఎంచుకున్న పీ+ఆర్ జోన్ హద్దుకు బయటే ఉందో లేదో మ్యాపులో చూసుకోండి, కొన్ని లోపల ఉంటాయి.

ఇండియా నుంచి వెళ్లి నడిపేవారు స్టిక్కర్ కన్నా ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు పరివాహన్ వెబ్‌సైటు ద్వారా మీ ఆర్‌టీఏ పరిధిలో దరఖాస్తు చేయాలి. రుసుము వెయ్యి రూపాయలు, చెల్లుబాటు ఏడాది. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. జర్మనీలో స్థిరపడినవారికి ఇండియా లైసెన్సు ఆరు నెలలే పనిచేస్తుంది.

ఏడో అడుగు: అంటించడం

జర్మనీ, ఫ్రాన్స్ స్టిక్కర్లు రెండింటినీ ముందు అద్దం లోపలి వైపు, కింద కుడి మూలన అంటించాలి. ముద్రించిన వైపు బయటికి కనిపించాలి. ముందు అద్దాన్ని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. చలికాలం పొద్దున్నే అద్దం లోపల చెమ్మ పట్టి ఉన్నప్పుడు అంటిస్తే అంచులు లేస్తాయి. ఈ స్టిక్కర్లను పీకి వేరే కారుకు అంటించకుండా చిరిగిపోయేలా తయారుచేస్తారు, కాబట్టి రెండో అవకాశం ఉండదు. ముందు కాగితం తీయకుండా ఆనించి చూసి, బయటికి వెళ్లి కనబడుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే అంటించండి. రెండూ ఉంటే ఒకదాని పైన ఒకటి వచ్చేలా వరసగా పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద పడేసి పోతే అంటించినట్టు కాదు.

ఎనిమిదో అడుగు: రోడ్డు మీద గుర్తులు

జర్మనీలో తెల్ల బోర్డు, దాని మీద ఎర్ర వలయం, వలయంలో "ఉమ్‌వెల్ట్", కింద పెద్ద అక్షరాల్లో "జోన్" అని ఉంటే అక్కడి నుంచి స్టిక్కర్ కావాలి. దాని కింద ఇంకో చిన్న పలకలో ఆకుపచ్చ స్టిక్కర్ బొమ్మ, పక్కన "ఫ్రై" అని ఉంటుంది. ఆ స్టిక్కర్ ఉన్నవారు వెళ్లవచ్చు అని దాని భావం. ఫ్రాన్స్‌లోనూ ఎర్ర వలయమే, కింది పలకలో ఏ తరగతుల స్టిక్కర్లకు అనుమతి ఉందో, ఏ వేళల్లోనో చూపిస్తారు. ఆ పలక కనబడ్డ చోట ముందు ఉన్న కూడలిలో తిరిగిపోయే అవకాశం సాధారణంగా ఉంటుంది. బోర్డు దాటాక మనసు మార్చుకోవడం కష్టం.

ఫోను మ్యాపుల్లో ఈ జోన్లను తప్పించే ఏర్పాటు కొన్నిటిలో ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మవద్దు. హైవే మీద ట్రాఫిక్ జామ్ కాగానే అది మిమ్మల్ని ఊరి మధ్య నుంచి మళ్లిస్తుంది. ఆ మళ్లింపులోనే చాలామంది తెలియకుండా జోన్‌లోకి వెళతారు.

చలానా వస్తే

ఇంటికి ఉత్తరం రావడానికి నెలలు పట్టవచ్చు. ఇటలీ చట్టం విదేశీయులకు నోటీసు పంపడానికి 360 రోజుల గడువిస్తుంది, కాబట్టి ఏడాది దగ్గరపడ్డాక వచ్చినా అది చెల్లుతుంది. వచ్చిన రోజే తెరిచి చూడండి. ఇటలీలో 5 రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గింపు ఉంటుంది, 60 రోజులు దాటితే మొత్తం పెరుగుతుంది. లండన్‌లో 180 పౌండ్ల జరిమానా 14 రోజుల్లో కడితే సగం. భాష రాక పక్కన పడేయడమే అసలు నష్టం. ఫోనుతో అనువాదం చేసుకుని కారు నంబరు, తేదీ, సమయం, వీధి పేరు మీ ప్రయాణంతో సరిపోతున్నాయో చూడండి. హోటల్ వాళ్లు నంబరు పంపామని రాసిచ్చిన ఈమెయిల్ గానీ, నమోదు ధ్రువీకరణ గానీ ఉంటే జతచేసి అభ్యంతరం రాయవచ్చు. లింకు నొక్కి వెంటనే డబ్బు కట్టమనే ఎస్ఎమ్ఎస్‌లు చలానాలు కావు. నోటీసులోని చిరునామాను మీరే బ్రౌజర్లో టైపు చేసి వెళ్లండి.

అద్దె కారుకు వచ్చేది రెండు విడతలుగా వస్తుంది. ముందు అద్దె సంస్థ మీ క్రెడిట్ కార్డు నుంచి కొంత కోసుకుంటుంది. అది మీ పేరూ చిరునామా పోలీసులకు అందించినందుకు తీసుకునే రుసుము మాత్రమే, ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అసలు జరిమానా ఉత్తరం ఆ తర్వాత విడిగా మీ చిరునామాకు వస్తుంది. కార్డులో డబ్బు పోయింది కదా, కట్టేశామనుకుని రెండో ఉత్తరాన్ని వదిలేస్తే జరిమానా పెరుగుతూ పోతుంది.